లాభంలో రెండు శాతం, మిగతా తొంభై ఎనిమిది: సామాజిక బాధ్యతలో విదేశీ మదుపరుల పాత్ర ఎంత?

మన కంపెనీల సామాజిక బాధ్యతకూ, వాటిలో వాటాలు కొనే విదేశీ సంస్థాగత మదుపరులకూ ఉన్న సంబంధం మీద చాలా ఏళ్లుగా వాదన నడుస్తోంది. విదేశీ ఫండ్లు వస్తే కంపెనీలు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాయని ఒక వర్గం అంటుంది. ఆ ఫండ్లకు కావలసింది మూణ్ణెల్లకోసారి వచ్చే ఫలితాలే కాబట్టి సమాజం సంగతి గాలికి పోతుందని ఇంకో వర్గం అంటుంది. ఇద్దరి దగ్గరా పరిశోధనలున్నాయి, ఉదాహరణలూ ఉన్నాయి.

ఒకే పేరు కింద రెండు వేర్వేరు సంగతులు నడుస్తుండడం వల్ల ఈ చిక్కు వచ్చింది. లాభం చేతికొచ్చాక అందులోంచి సమాజానికి ఎంత ఖర్చు పెట్టారన్నది ఒకటి. ఆ లాభం అసలు ఎలా వచ్చిందన్నది రెండోది. మన కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) చట్టం మొదటిదాన్ని కొలుస్తుంది. విదేశీ మదుపరి, పట్టించుకుంటే గింటే, రెండోదాన్ని చూస్తాడు. ఈ తేడా మరిచిపోయి చదివితే ఏ పరిశోధనకు ఆ పరిశోధనే నిజమనిపిస్తుంది.

ముందు మదుపు, తర్వాత బాధ్యత

విదేశీ సంస్థాగత మదుపరులకు మన మార్కెట్‌ను తెరిచింది 1992 సెప్టెంబరులో. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పూర్తిస్థాయి నిబంధనలు 1995లో వచ్చాయి. 2014లో పాత ఎఫ్‌ఐఐలను, వాటి ఉపఖాతాలను, మిగతా అర్హులైన విదేశీ మదుపరులను కలిపి విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు (ఎఫ్‌పీఐలు) అని ఒకే వర్గంగా చేశారు. ఇలాంటి సంస్థ ఏదైనా ఒక కంపెనీలో పది శాతానికి లోపే వాటా ఉంచుకోవాలి. కంపెనీని నడిపే అధికారం దానికి ఉండదు. ఓటు వేయొచ్చు, ప్రశ్నించొచ్చు, నచ్చకపోతే అమ్ముకుని పోవచ్చు.

సామాజిక బాధ్యత కథ ఇంకా పాతది. గాంధీజీ ధర్మకర్తృత్వ సిద్ధాంతం, టాటా ట్రస్టులు అందరికీ తెలిసినవే. ప్రభుత్వం మాత్రం 2009లో స్వచ్ఛంద మార్గదర్శకాలతో మొదలుపెట్టి, 2011లో వాటిని విస్తరించి, చివరికి 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ పెట్టింది. 2014 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవర్ 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. మొదట్లో చేయకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 జనవరి నుంచి ఆ వెసులుబాటు పోయింది. మిగిలిన సొమ్మును నిర్ణీత గడువులో ప్రత్యేక ఖాతాకో, చట్టం చెప్పిన నిధికో మళ్లించాలి, లేకపోతే జరిమానా. 2014-15లో దాదాపు 10 వేల కోట్లున్న మొత్తం ఖర్చు 2022-23 నాటికి 30 వేల కోట్లకు చేరువైంది.

ఈ చట్టంలో ఒక నిబంధనను చాలామంది తేలిగ్గా దాటేస్తారు. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు సీఎస్‌ఆర్ లెక్కలోకి రావు. పక్క ఊళ్లో మంచినీటి ప్లాంటు పెడితే అది సీఎస్‌ఆర్. తన ఫ్యాక్టరీ మురుగునీటిని సరిగా శుద్ధి చేస్తే అది సీఎస్‌ఆర్ కాదు. తర్కం ప్రకారం ఇది సబబే, చేయక తప్పని పనికి దానం పేరు పెట్టుకోనివ్వకూడదు గదా. కానీ దీని వల్ల ఇంకో ఫలితం కూడా వచ్చింది. వాగును పాడుచేసిన కంపెనీ కూడా సీఎస్‌ఆర్ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకోవచ్చు.

వ్యాపారపు నడవడికను చూసేది ఇంకో దారి. 2012లో సెబీ మొదటి వంద కంపెనీల నుంచి వ్యాపార బాధ్యత నివేదికలు అడిగింది. ఆ సంఖ్య పెరుగుతూ వెయ్యికి చేరింది. 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే విస్తృత నివేదిక తప్పనిసరైంది. నీళ్ల వాడకం, కర్బన ఉద్గారాలు, ప్రమాదాలు, జీతాల తేడాలు, ఫిర్యాదులు అందులో ఉంటాయి. విదేశీ ఫండ్ల విశ్లేషకులు తిరగేసేది దీన్నే. వార్షిక నివేదికలో బడి పిల్లల ఫొటోలున్న పేజీ దగ్గర వాళ్లు పెద్దగా ఆగరు.

సొంత కంపెనీ విరాళమే విదేశీ విరాళమైన వేళ

విదేశీ మదుపూ, సీఎస్‌ఆర్ చట్టమూ నేరుగా ఢీకొన్న సందర్భం ఒకటుంది, దాని గురించి రావలసినంత చర్చ రాలేదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, సగానికి మించి విదేశీ వాటా ఉన్న కంపెనీని ‘విదేశీ వనరు’గా లెక్కేసేది. ఆ వాటా వేలాది ఫండ్ల చేతుల్లో చెల్లాచెదురుగా ఉన్నా సరే. హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ బ్యాంకు లాంటి సంస్థల్లో విదేశీ వాటా ఆ గీత దాటి ఉండేది. ముంబయిలో పుట్టి, ముంబయి నుంచే నడిచే సంస్థ అనంతపురంలోని ఒక స్వచ్ఛంద సంస్థకు సీఎస్‌ఆర్ సొమ్ము ఇవ్వాలన్నా, తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాల్సిన పరిస్థితి. ఒక చట్టం ఖర్చు పెట్టమంటుంది, ఇంకో చట్టం ఆ సొమ్మును పరాయి డబ్బు అంటుంది.

2016 ఆర్థిక చట్టంతో దీన్ని సవరించారు. ఆయా రంగాలకు అనుమతించిన పరిమితుల్లో విదేశీ వాటా ఉంటే ఆ కంపెనీ విదేశీ వనరు కాదన్నారు. సవరణను 2010 నుంచీ వర్తింపజేశారు, 2018లో ఇంకా వెనక్కి, పాత చట్టం వచ్చిన 1976 దాకా తీసుకెళ్లారు. అంత వెనక్కి ఎందుకు వెళ్లారన్నది సీఎస్‌ఆర్‌తో అర్థమయ్యే విషయం కాదు. గనుల వ్యాపారం చేసే వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ ఎఫ్‌సీఆర్‌ఏను ఉల్లంఘించాయని ఢిల్లీ హైకోర్టు 2014 మార్చిలో తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు దక్కిన ఊరట రాజకీయ పార్టీల ఇబ్బంది వెంట వచ్చిందని అనుకుంటే తప్పు పట్టలేం.

మూడు వాదాలు

మొదటిది వాటాదారు వాదం. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో రాసిన వ్యాసం దీనికి మూలం. కంపెనీ పని చట్టానికి లోబడి లాభం తేవడం, దానధర్మాలు వాటాదారులు తమ సొంత డబ్బుతో చేసుకోవచ్చు. ఈ వాదం ప్రకారం మన రెండు శాతం ఒక రకం పన్ను, విదేశీ మదుపరి దాన్ని వాటా ధరలోంచి కోసుకుంటాడు.

దీనికి చక్కని ఉదాహరణ కోల్ ఇండియా. 2010లో షేర్లు అమ్మకానికి వచ్చాక లండన్‌కు చెందిన చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ అందులో ఒక శాతం వాటా కొని, ప్రభుత్వం తర్వాత పెద్ద వాటాదారుల్లో ఒకటైంది. బొగ్గును మార్కెట్ ధరకంటే తక్కువకు అమ్మిస్తూ ప్రభుత్వం చిన్న వాటాదారుల పొట్ట కొడుతోందని 2012లో కోర్టుకెక్కింది. చౌక బొగ్గు వల్ల కరెంటు చౌకగా వస్తుంది, అదీ సామాజిక బాధ్యతే అనేది అవతలివాళ్ల మాట. నిజానికి ఈ ఫండ్ ఆర్జనే పేద దేశాల పిల్లల కోసం పనిచేసే పెద్ద ధర్మసంస్థకు దన్ను. చివరికి 2014లో ఫండ్ వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. ఎవరిది బాధ్యత, ఎవరిది స్వార్థం అన్నది ఈ కేసులో తేల్చడం అంత సులువు కాదు.

రెండోది క్రమశిక్షణ వాదం. పెన్షన్ ఫండ్లు, సార్వభౌమ నిధులు దశాబ్దాల దూరం చూస్తాయి. కాలుష్యం, కార్మిక వివాదాలు, లెక్కల్లో మోసాలు ఎప్పటికైనా నష్టం తెస్తాయి కాబట్టి అవి ముందే నిలదీస్తాయని ఈ వాదం. 2006లో ఐక్యరాజ్యసమితి మద్దతుతో వచ్చిన బాధ్యతాయుత మదుపు సూత్రాలు దీనికి బలమిచ్చాయి.

మూడోది విమర్శకుల వాదం. సీఎస్‌ఆర్, పర్యావరణ-సామాజిక-పాలనా అంశాలు చూసి మదుపు చేసే ఈఎస్‌జీ రెండూ పెట్టుబడికి పరువు తెచ్చే సాధనాలే, అసలు నియంత్రణ చేయాల్సింది ప్రభుత్వం, గ్రామసభ, కార్మిక సంఘం అని వీళ్లంటారు. 2020 మార్చిలో కొవిడ్ భయంతో ఎఫ్‌పీఐలు ఒక్క నెలలోనే మన ఈక్విటీల నుంచి దాదాపు 62 వేల కోట్లు వెనక్కి తీసుకున్నారు. అలా పోగలిగిన డబ్బు మీద ఒక ఊరి నీళ్ల భారం ఎలా పెడతామన్నది వీళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు మొదటి రెండు వర్గాల దగ్గరా గట్టి జవాబు లేదు.

అంకెలు ఏం చెప్పాయి?

మన చట్టం పరిశోధకులకు అరుదైన అవకాశం ఇచ్చింది. ఒక గీత గీసి, దానికి పైనున్న కంపెనీలు ఖర్చు చేయాలి, కిందివి అక్కర్లేదు అంటే, రెంటినీ పోల్చి చూడొచ్చు. హరిఓం మంచిరాజు, శివరాం రాజగోపాల్ 2017లో ప్రచురించిన అధ్యయనం అదే చేసింది. బలవంతంగా ఖర్చు చేయాల్సి వచ్చిన కంపెనీల షేర్ల ధర సగటున 4.1 శాతం తగ్గిందని వాళ్లు తేల్చారు. ప్రకటనల మీద బాగా ఖర్చుపెట్టే కంపెనీలకు మాత్రం ఆ దెబ్బ తగల్లేదట. పేరు సంపాదించుకోవడం తెలిసినవాడికి దానం కూడా పెట్టుబడేనని మార్కెట్‌కు తెలుసు.

ధర్మపాల, ఖన్నా అనే ఇద్దరి అధ్యయనం ఇంకో కోణం చూపింది. అంతకుముందు రెండు శాతం కంటే తక్కువ చేసేవాళ్లు పెంచారు. ఎక్కువ చేస్తున్న పెద్ద కంపెనీలు తగ్గించాయి. కనీసంగా పెట్టిన మొత్తమే కొందరికి గరిష్ఠంగా మారింది.

మదుపరుల వైపు నుంచి చూసిన పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది. డిక్, లిన్స్, రోత్, వాగ్నర్ అనే నలుగురు 41 దేశాల కంపెనీలను పరిశీలించారు. సంస్థాగత వాటా పెరిగిన చోట పర్యావరణ, సామాజిక పనితీరు మెరుగైంది. అయితే అది ఆ విషయాల్లో కట్టుబాట్లు గట్టిగా ఉన్న దేశాల మదుపరుల వల్లే జరిగింది. ఓస్లో పెన్షన్ డబ్బు, పన్నులు తక్కువని మారిషస్ దారి పట్టిన డబ్బు మన గణాంకాల్లో పక్కపక్కనే కూర్చుంటాయి. ‘విదేశీ మదుపరి’ అనే ఒక్క మనిషి ఎక్కడా లేడు.

ఈ అధ్యయనాల మధ్య వైరుధ్యం పైకి కనిపించినంత లేదు. మొదటి రెండూ లాభంలోంచి తీసే ఖర్చును చూశాయి, మూడోది లాభం వచ్చే తీరును చూసింది. మూడోలాంటి అధ్యయనాలకు మాత్రం ఒక బలహీనత ఉంది. విదేశీ ఫండ్లు ఎటూ పెద్ద కంపెనీలనే, వివరాలు దాచుకోని కంపెనీలనే ఎంచుకుంటాయి. మంచి కంపెనీని ఎంచుకున్నారా, తాము వచ్చాక మంచి చేశారా అన్నది విడదీయడం కష్టం. సూచీల ప్రకారం కళ్లు మూసుకుని కొనే ఫండ్లు పెరిగాక ఇది ఇంకా కష్టమైంది.

తెలుగు నేల మీద మూడు పరీక్షలు

సత్యం కంప్యూటర్స్‌ది అందరికీ తెలిసిన కథే గాని, ఈ కోణంలో చూసినవాళ్లు తక్కువ. ప్రమోటర్ల చేతిలో ఎనిమిది శాతం పైచిలుకు వాటానే మిగిలింది, విదేశీ సంస్థలది పెద్ద వాటా. వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబం గ్రామాల్లో బిర్రాజు ఫౌండేషన్ నడిపింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ వెనక ఉన్నదీ వాళ్లే. 2008లో మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2008 డిసెంబరు 16న కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటిస్తే సంస్థాగత మదుపరులు తిరగబడ్డారు. గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. 2009 జనవరి 7న లెక్కల మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో 5 వేల కోట్లకు పైగా లేని నగదు ఉంది.

క్రమశిక్షణ వాదం ఇక్కడ సగమే నెగ్గింది. తమ సొమ్ము కళ్లముందు పక్కదారి పడుతుంటే విదేశీ మదుపరులు ఆపారు. ఏళ్ల తరబడి సాగిన మోసాన్ని వాళ్లూ పట్టలేదు, ఆడిటర్లూ పట్టలేదు. 108 మాత్రం మిగిలింది, చేతులు మారి ఇప్పటికీ నడుస్తోంది. కంపెనీ సామాజిక సేవ నిజమైనా దాని లెక్కలు అబద్ధం కావచ్చని ఇంతకంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ మన దగ్గర లేదు.

రెండోది పత్తి విత్తనం. హైబ్రిడ్ విత్తనం కోసం ముందురోజు మొగ్గల్లో కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున్నే వాటికి మగ మొక్క పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అనే ఈ పనికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల చేలల్లో బడి మాన్పించిన ఆడపిల్లలను పెట్టేవాళ్లు. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజరు ఉంటాడు కాబట్టి పిల్లలు ఎవరి లెక్కలోకీ రారు. నార్వే చమురు నిధికి సలహా ఇచ్చే నైతిక మండలి భారత్‌లో పత్తి విత్తనాల సాగులో బాలకార్మికుల కారణంగా మోన్‌శాంటోను తప్పించమని 2006లో సిఫారసు చేసింది. అక్కడి ప్రభుత్వం వెంటనే అమ్మేయకుండా, వాటాదారుగా ఉండి ఒత్తిడి తెమ్మంది. విత్తన సాగులో బాలకార్మికుల కారణంగానే 2013లో జువారీ ఆగ్రో కెమికల్స్‌ను మాత్రం జాబితాలోంచి తీసేశారు. ఒకే తప్పుకు ఒకరి దగ్గర ఉండి మాట్లాడారు, ఇంకొకరిని వదిలి వెళ్లారు. పెద్ద కంపెనీకి ఒక రూలు, చిన్న కంపెనీకి ఒక రూలు అన్న అనుమానం రాకమానదు.

మూడోది పటాన్‌చెరు. దాదాపు 90 ఔషధ సంస్థల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. 2016లో ఉత్తర ఐరోపాకు చెందిన మదుపు సంస్థ నార్డియా హైదరాబాద్, విశాఖపట్నం ఔషధ కాలుష్యం మీద నివేదిక రాయించి బయటపెట్టింది. మన ఔషధ కంపెనీలకు విదేశీ మదుపరుల నుంచి ఈ విషయంలో నేరుగా ప్రశ్నలు రావడం అప్పట్నుంచీ పెరిగింది. అయితే వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ఇచ్చిన ముసాయిదా, 2021లో తుది రూపం తీసుకునేసరికి ఆ పరిమితులే లేకుండా వచ్చింది. మదుపరి అడిగినదాన్ని మన ప్రభుత్వమే వదిలేస్తే, మదుపరి చేయగలిగింది ఏమీ లేదు.

ఉండి మాట్లాడాలా, వదిలి వెళ్లాలా?

ఒడిశాలోని నియమగిరి కొండల్లో తలపెట్టిన బాక్సైట్ తవ్వకం విషయంలో నార్వే నిధి 2007లో, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2010లో వేదాంత నుంచి తప్పుకున్నాయి. ప్రపంచమంతా వార్త అయింది, కంపెనీ పరువు దెబ్బతింది. తవ్వకం ప్రయత్నం చివరికి ఆగింది మాత్రం 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకు నిర్ణయం వదిలేశాక, పన్నెండు గ్రామసభలూ వద్దని తీర్మానించాక.

ఐటీసీ సంగతి దీనికి తిరగబడ్డ కేసు. గుంటూరు, ప్రకాశం పొగాకు రైతులకు బాగా తెలిసిన కంపెనీ ఇది. నీటి సంరక్షణ పనులకు, రైతుల కోసం పెట్టిన ఈ-చౌపాల్ ఇంటర్నెట్ కేంద్రాలకు మన దగ్గర ఎంతో మెప్పు పొందింది. నార్వే నిధికి ఆ పనులేవీ లెక్కలోకి రాలేదు, పొగాకు తయారీదారు కాబట్టి జాబితాలో పెట్టుకోలేదు. కంపెనీ ఎంత బాగా ప్రవర్తించినా సరుకే చెడ్డదైతే ఏం చేయాలన్న ప్రశ్నకు మన చట్టంలో జవాబు లేదు, నార్వే జవాబు ఒక్కమాటలో ముగుస్తుంది. రెండూ నన్ను పూర్తిగా ఒప్పించలేదు. పొగాకు మీద బతికే రైతుకు మళ్లడానికి వేరే పంట చూపించే బాధ్యత ఎవరిదన్న మాట రెండింట్లోనూ లేదు.

ఇంకా తేలనివి

ఈఎస్‌జీ గాలి ఇప్పుడు ఎదురు తిరిగింది. అమెరికాలో రాజకీయ వ్యతిరేకత పెరిగాక బ్లాక్‌రాక్ లాంటి సంస్థే 2025 జనవరిలో నెట్ జీరో మదుపు కూటమి నుంచి బయటికొచ్చింది. ఐరోపాలోనూ సరఫరా గొలుసు నిబంధనలను సడలిస్తున్నారు. విదేశీ మదుపరి అడిగితే తప్ప మారని కంపెనీ, అడగడం మానేస్తే ఏం చేస్తుందో చూడాల్సి ఉంది.

ఇంకోటి, విదేశీ మదుపరి ఇప్పుడు ఒకప్పటంత పెద్దవాడు కాడు. 2025 మార్చి చివరినాటికి మన నమోదిత కంపెనీల్లో దేశీయ సంస్థాగత మదుపరుల వాటా మొదటిసారిగా విదేశీ వాటాను దాటింది, రెండూ 17 శాతం పైచిలుకు. ఆ దేశీయ సొమ్ములో పెద్ద భాగం నెలనెలా సిప్‌లు కట్టే ఉద్యోగులది, ఎల్‌ఐసీ పాలసీదారులది. విజయవాడలో, వరంగల్లో జీతం పడగానే ఫండుకు పోయే వేలరూపాయలు కూడా అందులోవే.

మదుపరులు సామాజిక బాధ్యతను తెచ్చిపెడతారనుకోవడం అత్యాశ, అడ్డుకుంటారనుకోవడం అపోహ. వాళ్ల చేతిలో నిజంగా ఉన్నది ఒక ఓటు, ఒక ప్రశ్న. సెబీ మ్యూచువల్ ఫండ్లను ప్రతి కంపెనీ తీర్మానం మీదా తప్పక ఓటు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి నిర్దేశించింది, ఎలా వేశారో ప్రకటించాలంది. ఎఫ్‌పీఐలకు ఇలాంటి నిబంధన లేదు. మన కంపెనీల్లో లక్షల కోట్ల వాటా ఉన్నవాళ్లు తమ ఓటును బయటపెట్టాలని కోరడం మరీ పెద్ద కోరికేమీ కాదు, సెబీ ఆ పని చేయాలి. ఈలోగా మీ ఫండ్ సంస్థ వెబ్‌సైట్లో ఓటింగ్ వివరాల పేజీ ఉంటుంది. మీ డబ్బు ఏ కంపెనీలో ఏ తీర్మానానికి అవునందో, కాదందో అందులో చూసుకోండి.